పిల్ల తేడాగా ఉంది సిస్టర్!

ఆసుపత్రిలో చేరిన పిల్లలకు జబ్బు ఒక్కటే ప్రమాదం కాదు. మోతాదులో జారిపోయిన చుక్క, డ్యూటీ మారేటప్పుడు చెప్పడం మరిచిన మాట, తల్లి చెప్పినా వినిపించుకోని వార్డు... వీటితోనూ ప్రాణాలు పోతున్నాయి. చాలావరకు ఆపదగ్గవే.

పిల్లల వార్డులో ఒక్క రాత్రి గడిపినవాళ్లకైనా ఈ మాటలు కొత్త కాదు. ‘పాలు పట్టట్లేదు సిస్టర్’, ‘మబ్బుగా పడుంది, పిలిచినా కళ్లు తెరవట్లేదు’, ‘డొక్కలెగరేస్తున్నాడు’, ‘పొద్దుట్నుంచీ ఉచ్చ పోయలేదమ్మా’. జవాబూ దాదాపు ఒక్కటే. ‘డాక్టర్ గారు చూసి వెళ్లారు కదా, ఏం కాదు, వెళ్లి పడుకోబెట్టండి.’

పసిపిల్లల్లో ప్రమాద సంకేతాలేమిటని వైద్య పుస్తకాలు తిరగేస్తే మొదట కనిపించేవి ఇవే. తాగలేకపోవడం, మత్తుగా పడి ఉండటం, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోవడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్రామాల్లోని ఆరోగ్య సిబ్బందికి నేర్పేదీ ఇదే. అదే మాట సిబ్బంది అంటే లక్షణం, తల్లి అంటే కంగారు.

2021 ఏప్రిల్ 3, ఈస్టర్ శనివారం. కేరళ నుంచి ఆస్ట్రేలియా వెళ్లి పెర్త్‌లో స్థిరపడిన దంపతులు, జ్వరంతో ఉన్న ఏడేళ్ల కూతురు ఐశ్వర్యను అక్కడి పిల్లల ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకొచ్చారు. పాప చేతులు చల్లబడ్డాయి. కళ్లలో తెల్లగా ఏదో కనిపిస్తోందని తల్లి గమనించింది. ఒకసారి వచ్చి చూడండని సిబ్బంది దగ్గరికి పదే పదే వెళ్లారు. దాదాపు రెండు గంటలు వెయిటింగ్ హాల్లోనే గడిచిపోయాయి. ఆ రాత్రే పాప చనిపోయింది. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలన్నీ దెబ్బతినే సెప్సిస్ కారణం. అది పాతబడిన కట్టడమో, మందుల్లేని పల్లె దవాఖానో కాదు. డబ్బున్న దేశంలో కొత్తగా కట్టిన పెద్దాసుపత్రి. పరికరాలున్నాయి, మందులున్నాయి, డాక్టర్లున్నారు. పిల్ల తేడాగా ఉందని చెబుతుంటే ఆగి వినే ఏర్పాటు ఒక్కటే లేకపోయింది.

ఆ తల్లిదండ్రులు ఊరుకోలేదు. నిరాహార దీక్షకు కూర్చున్నారు, విచారణ కోసం పోరాడారు. ఇప్పుడు వెస్టర్న్ ఆస్ట్రేలియా ప్రభుత్వాసుపత్రుల్లో ‘ఐశ్వర్యాస్ కేర్ కాల్’ అనే ఏర్పాటుంది. రోగి పరిస్థితి దిగజారుతోందని, చెప్పినా పట్టించుకోవట్లేదని అనిపిస్తే కుటుంబసభ్యులే ఫోన్ చేసి మరో వైద్య బృందాన్ని పిలిపించుకోవచ్చు.

ముగ్గురు పిల్లలు, మూడు దేశాలు, ఒకటే కథ

కుటుంబమే వైద్య బృందాన్ని పిలిచే ఈ ఆలోచనకు మూలం ఇంకా వెనక ఉంది. అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి. ప్రపంచంలో పేరెన్నికగన్నది. 2001 జనవరిలో వేడినీళ్లు పడి కాలిన గాయాలతో జోసీ కింగ్ అనే 18 నెలల పాపను అక్కడ చేర్చారు. గాయాలు మానుతున్నాయి, నేడో రేపో ఇంటికి పంపేస్తారనుకుంటున్నారు. ఆ దశలో పాపకు విపరీతమైన దాహం. ఎవరి చేతిలో గ్లాసు కనిపించినా ఏడ్చేది. స్నానం చేయిస్తుంటే తడిగుడ్డ నోట్లో పెట్టుకుని చప్పరించింది. తల్లి సోరెల్ ఇది చూసి నర్సులతో చెప్పింది. అంతా సవ్యంగానే ఉందన్నారు. ఒంట్లో నీరు ఇంకిపోతోందని గుర్తించేవాళ్లు లేకపోయారు. మత్తు కలిగించే నొప్పి మందు ఇక వద్దనుకున్నాక కూడా, తల్లి వారిస్తున్నా మెథడోన్ అనే అలాంటి మందే ఇచ్చారు. గుండె ఆగిపోయింది. ఫిబ్రవరిలో పాప కన్నుమూసింది.

సోరెల్ కింగ్ ఆ తర్వాత చేసిన పని అరుదైనది. పరిహారంగా వచ్చిన డబ్బులో కొంత వెచ్చించి పాప పేరిట ఫౌండేషన్ పెట్టింది. పాప చనిపోయిన ఆసుపత్రితోనే కలిసి పనిచేసింది. 2005లో పిట్స్‌బర్గ్‌లోని ఒక ఆసుపత్రి ఆమె ప్రేరణతో రోగి బంధువులే అత్యవసర బృందాన్ని పిలిచే పద్ధతి మొదలుపెట్టింది. ఆసుపత్రి తప్పు ఒప్పుకోవడం, తల్లి చేయి చాచడం రెండూ జరిగాయి కాబట్టే ఇది సాధ్యమైంది. మన దగ్గర మొదటిది జరగదు గనక రెండోదానికి అవకాశమే రాదు.

ఆస్ట్రేలియాలోనే క్వీన్స్‌లాండ్‌లో 2007లో ఇంకా మూడేళ్లు నిండని రయన్ సాండర్స్ ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయాడు. తల్లిదండ్రులు తమ బాధ చెప్పుకున్నా వినలేదన్నదే అక్కడా ఫిర్యాదు. 2013లో ‘రయన్స్ రూల్’ వచ్చింది. అందులో మూడే మెట్లు. ముందు నర్సుకో డాక్టరుకో చెప్పాలి. తృప్తి కలగకపోతే వార్డు ఇన్‌చార్జికి చెప్పాలి. అక్కడా పని జరక్కపోతే రాష్ట్రమంతటికీ ఒకటే ఉన్న నంబరుకు ఫోన్ చేసి ‘రయన్స్ రూల్ కింద సమీక్ష కావాలి’ అంటే చాలు.

2021లోనే లండన్‌లో పదమూడేళ్ల మార్తా మిల్స్. సైకిల్ మీంచి పడి క్లోమానికి దెబ్బ తగిలింది. కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో ఉండగా సెప్సిస్ సోకింది. ఐసీయూకి ముందే మార్చి ఉంటే బహుశా బతికేదని, మరణంపై విచారణ జరిపిన అధికారి (కరోనర్) మరుసటి ఏడాది తేల్చారు. తల్లి పత్రికా సంపాదకురాలు. తమ అనుభవాన్ని రాసింది, ప్రభుత్వాన్ని కదిలించింది. 2024లో ఇంగ్లండ్‌లో 143 ఆసుపత్రుల్లో ‘మార్తాస్ రూల్’ మొదలైంది. ఇందులో నాకు బాగా నచ్చిన అంశం ఫోన్ నంబరు కాదు. ‘నిన్నటి కంటే ఇవాళ ఎలా ఉంది?’ అని సిబ్బందే రోజూ రోగినో కుటుంబాన్నో అడిగి, ఆ జవాబును రికార్డులో రాయాలన్న నిబంధన. అడిగితే తప్ప నోరు విప్పని తల్లులు మన వార్డుల్లో ఎంతమంది ఉంటారో ఊహించుకోండి.

పత్రికలో పనిచేసే తల్లి చెప్పినా లండన్‌లో వినలేదంటే, ఊరి నుంచి బస్సెక్కి వచ్చి, ఆసుపత్రి బోర్డుల మీద ఏం రాసుందో చదవలేని తల్లి మాట మన దగ్గర ఎవరు వింటారు?

కిలో నుంచి నలభై కిలోల దాకా

పిల్లల చికిత్సలో పెద్దవాళ్లకు లేని ఒక చిక్కు ఉంది. పెద్దవాళ్లకు ‘ఒక మాత్ర’ అంటే సరిపోతుంది. పిల్లల వార్డులో ఒక మంచం మీద కిలో బరువున్న నెల తక్కువ బిడ్డ, పక్క గదిలో నలభై కిలోల ఎనిమిదో తరగతి కుర్రాడు. ప్రతి మందుకూ బరువు చూసి లెక్క కట్టాలి. ఆ లెక్కను మిల్లీగ్రాముల నుంచి మిల్లీలీటర్లలోకి మార్చాలి. పెద్దవాళ్ల కోసం తయారైన ఇంజక్షన్‌ను పలచన చేసి, అందులోంచి చిటికెడంత తీసుకోవాలి. రాత్రి మూడింటికి, ముప్ఫై మంది పిల్లల్ని చూసుకుంటున్న ఒక్క నర్సు ఈ లెక్కలు వేయాలి. దశాంశ చుక్క ఒక స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది.

ఇంట్లో తెలిసిన మందుతోనే చూద్దాం. పది కిలోల పాపకు జ్వరానికి పారాసెటమాల్ ఒక మోతాదు సుమారు 150 మిల్లీగ్రాములు. 5 మి.లీ.లో 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 6 మి.లీ. పోయాలి. 250 ఉండే సిరప్ అయితే 3 మి.లీ. చాలు. చుక్కల మందు అయితే ఒక్క మి.లీ.లోనే 100 మిల్లీగ్రాములు ఉంటాయి కాబట్టి ఒకటిన్నర మి.లీ.తో సరి. సిరప్‌కు చెప్పిన 6 మి.లీ.ని పొరపాటున చుక్కల సీసాలోంచి తీసి పోస్తే? నాలుగింతలు. మూడు సీసాల మీదా పేరు ఒకటే. ఆసుపత్రిలో వాడే మందుల్లో చాలావాటికి పారాసెటమాల్‌కున్నంత సహనం లేదు.

ఇన్సులిన్ సంగతి ఇంకా దారుణం. మన దేశంలో మి.లీ.కి 40 యూనిట్లదీ, 100 యూనిట్లదీ రెండు రకాలూ నడుస్తున్నాయి. దేని సిరంజి దానిదే. మొదటి దానికి ఎర్ర మూత, రెండో దానికి నారింజ రంగు మూత. 40 యూనిట్ల సిరంజితో 100 యూనిట్ల సీసాలోంచి నాలుగో గీత దాకా లాగితే పిల్లాడి ఒంట్లోకి వెళ్లేది నాలుగు యూనిట్లు కాదు, పది. షుగరున్న పిల్లల తల్లిదండ్రులకు డిశ్చార్జి రోజున ఈ ఒక్క ముక్క విడమరిచి చెప్పని ఆసుపత్రి, మిగతా ఎన్ని చెప్పినా ఒకటే.

ఇవి ఎక్కడో అరుదుగా జరిగే తప్పులు కావు. అమెరికాలో బోస్టన్‌లోని రెండు ఆసుపత్రుల్లో పిల్లలకు రాసిన 10,778 మందుల ఆదేశాలను పరిశీలిస్తే 616 తప్పులు బయటపడ్డాయని 2001లో ఒక అధ్యయనం చెప్పింది. అందులో ఎక్కువ భాగం హాని చేయలేదు. కానీ హాని చేయగలిగిన తప్పుల రేటు పెద్దవాళ్లతో పోలిస్తే మూడింతలు. 2006లో ఇండియానాపోలిస్‌లో హెపారిన్ అనే రక్తం గడ్డకట్టకుండా వాడే మందు వెయ్యింతలు ఎక్కువ గాఢతతో నవజాత శిశువులకు వెళ్లింది. ముగ్గురు చనిపోయారు. మి.లీ.కి 10 యూనిట్ల సీసా, 10,000 యూనిట్ల సీసా చూడటానికి ఒకేలా ఉన్నాయి. మరుసటి ఏడాదే లాస్ ఏంజలిస్‌లో హాలీవుడ్ నటుడు డెన్నిస్ క్వెయిడ్ కవల పిల్లల విషయంలో అదే తప్పు మళ్లీ జరిగింది. అదృష్టం బాగుండి పిల్లలు బతికారు.

మనకూ ఉంది ఇలాంటి చరిత్ర. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకా వేయించుకున్న పసిపిల్లలకు జ్వరం మాత్రలని ఇచ్చి పంపారు. ఇచ్చినవి పారాసెటమాల్ కాదు, ట్రమడాల్. పెద్దవాళ్లకు తీవ్రమైన నొప్పులకు వాడే మందు. పిల్లలు మత్తులోకి జారిపోతుంటే తల్లులు నిలోఫర్ పిల్లల ఆసుపత్రికి పరుగెత్తారు. ప్రాణనష్టం జరిగింది. రెండు మందుల ప్యాకింగ్ ఒకేలా ఉండటంతో పొరపాటు జరిగిందని అప్పుడు వార్తలొచ్చాయి.

ఇలాంటప్పుడు మన ప్రభుత్వాలు చేసే మొదటి పని, చాలాసార్లు ఆఖరి పని కూడా, కిందిస్థాయి ఉద్యోగిని సస్పెండ్ చేయడం. ఆ రెండు మందులూ ఒకే బీరువాలో ఒకే అరలో ఎందుకున్నాయి? ఒకే రంగు స్ట్రిప్పులు ఎవరు కొన్నారు? టీకా కేంద్రంలో ట్రమడాల్‌తో పనేమిటి? ఈ ప్రశ్నలకు జవాబు దొరక్కపోతే, కొత్తగా వచ్చిన ఫార్మసిస్టు కూడా అదే అరలోకి చేయి పెడతాడు. పైగా సస్పెన్షన్ భయం ఉన్నచోట ఎవరూ తమ పొరపాటును బయటపెట్టరు. త్రుటిలో తప్పిన ప్రమాదాల సంగతి అసలే చెప్పరు. అవి తెలిస్తేనే కదా రేపటి ప్రమాదాన్ని ఆపేది! అమెరికాలోని ఒహాయోలో ఎనిమిది పిల్లల ఆసుపత్రులు ఈ విషయంలో ఒక ఒప్పందానికొచ్చాయి. రోగుల కోసం పోటీ పడతాం గానీ, భద్రత దగ్గర మాత్రం పోటీ లేదు, ఎవరి తప్పులు వాళ్లు మిగతావాళ్లకు చెప్పాలి అన్నది దాని సారాంశం. ఇప్పుడా కూటమిలో 140కి పైగా ఆసుపత్రులున్నాయి. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని కార్పొరేట్ ఆసుపత్రులు హోర్డింగుల మీద ఎన్ని అవార్డులైనా వేసుకుంటాయి, ఈ పని మాత్రం చేయవు.

బరువు దగ్గరే ఇంకో మాట. ఎమర్జెన్సీలో పిల్లను తూచే వ్యవధి లేనప్పుడు పొడవును బట్టి బరువు అంచనా వేసే రంగురంగుల టేపు ఒకటుంది. అమెరికా డాక్టరు జేమ్స్ బ్రోస్‌లో పేరు మీద ప్రసిద్ధం. అక్కడి పిల్లల కొలతలతో తయారైంది. మన పిల్లల మీద పరీక్షించి చూస్తే, పది కిలోలు దాటినవాళ్ల బరువును ఇది సుమారు పది శాతం ఎక్కువ చూపిస్తోందని 2008లో తేలింది. అంటే మందూ అంత ఎక్కువ పడుతుంది. బక్కపలచని మన పిల్లలకు దిగుమతి టేపు కంటే, వార్డు మూలనున్న త్రాసు నయం. అది పనిచేస్తుంటే.

అద్దం అవతల అమ్మ

చాలా ఆసుపత్రుల్లో నవజాత శిశువుల ఐసీయూ బయట ఒక దృశ్యం మామూలే. పచ్చి బాలింతలు వరండాలో చాపల మీద ఉంటారు. పాలు పిండి గిన్నెలో పోసి లోపలికి పంపుతారు. తండ్రో అమ్మమ్మో చీటీ పట్టుకుని మెడికల్ షాపుకీ ల్యాబుకీ తిరుగుతుంటారు. ఇన్‌ఫెక్షన్ వస్తుందని తల్లిని లోపలికి రానివ్వరు.

ఈ నమ్మకాన్ని తిరగేసిన పరిశోధన మన ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రిలోనూ, నాలుగు ఆఫ్రికా దేశాల్లోనూ జరిగింది. కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన 3,211 మంది శిశువులను తీసుకున్నారు. సగం మందిని ఎప్పటిలా బిడ్డ కుదుటపడ్డాకే తల్లి ఎదకు చేర్చారు. మిగతా సగం మందికి ఐసీయూలోనే తల్లికి మంచం వేసి, పుట్టిన వెంటనే గుండెల మీద పడుకోబెట్టారు. 28 రోజుల్లో మొదటి వర్గంలో 15.7 శాతం చనిపోతే, రెండో వర్గంలో 12 శాతం. మరణాలు నాలుగో వంతు తగ్గాయి. ఫలితం ఎంత స్పష్టంగా ఉందంటే, ట్రయల్‌ను ముందే ఆపేసి అందరికీ ఇదే పద్ధతి పెట్టమన్నారు. 2021లో ఇది వెలువడింది. తల్లి లోపలుంటే బిడ్డను పట్టుకునే చేతుల సంఖ్య తగ్గుతుంది, బిడ్డలో చిన్న మార్పు వచ్చినా కనిపెట్టే మనిషి ఇరవై నాలుగు గంటలూ అక్కడే ఉంటుంది.

ఇన్‌ఫెక్షన్ భయం మాత్రం ఉత్తది కాదు. ఢిల్లీలోని మూడు పెద్దాసుపత్రుల్లో 13 వేలకు పైగా నవజాత శిశువులను గమనించిన అధ్యయనంలో నూటికి 14 మందికి సెప్సిస్ వచ్చింది. ఎక్కువగా దొరికిన క్రిమి అసినెటోబాక్టర్, అదీ చాలా మందులకు లొంగని రకం. అది తల్లి కొంగులో దాక్కుని వచ్చేది కాదు. ఆసుపత్రి సింకుల్లో, గొట్టాల్లో, కడగని చేతుల్లో కాపురముండేది.

ప్రాణం నిలబెట్టిన చికిత్సే చూపు తీసిన సందర్భాలూ ఉన్నాయి. నెలలు నిండని బిడ్డకు లెక్క లేకుండా ఆక్సిజన్ పెడితే కంటి వెనక రెటీనా దెబ్బతింటుంది. ఆక్సిజన్‌ను కొలిచి ఇవ్వాలి, నెల తిరగకముందే కళ్లు పరీక్ష చేయించాలి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు ఏళ్ల తరబడి దీన్నే చెబుతున్నారు. మన దేశంలో 34 వారాల్లోపు పుట్టినా, రెండు కిలోల లోపు బరువున్నా ఈ పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. చెన్నైలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో 1996లో పుట్టిన పాప విషయంలో ఆ మాట తల్లిదండ్రులకు ఎవరూ చెప్పలేదు. పాప చూపు పోయింది. సుప్రీంకోర్టు 2015లో సుమారు రూ.1.8 కోట్ల పరిహారం ఇమ్మంది. డిశ్చార్జి కాగితం మీద ఒక వాక్యం రాయనందుకు ఏళ్ల తరబడి న్యాయపోరాటం!

ఇక కరెంటు, ఎలుకలు. 2021 జనవరిలో మహారాష్ట్రలోని భండారాలో, 2024 నవంబర్‌లో ఉత్తరప్రదేశ్‌లోని ఝాన్సీలో శిశువుల వార్డుల్లో మంటలు లేచి కనీసం పదేసి మంది పసికందులు ప్రాణాలు కోల్పోయారు. 2015లో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కొరికి పసిబిడ్డ చనిపోయింది. పదేళ్లకు, 2025లో, ఇండోర్‌లో అదే ఘోరం. వీటిని ఆపడానికి వైద్య విజ్ఞానం అక్కర్లేదు. వైర్లు తట్టుకునేదానికి మించి లోడు వేయకపోవడం, కన్నాలు పూడ్చడం చాలు.

డ్యూటీ మారే వేళ

వార్డులో ప్రమాదకరమైన సమయాలు పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది. ఒక డాక్టరు వెళ్లిపోతూ మరొకరికి అప్పగించే వేళ. ‘ఆరో నంబరు బెడ్ పర్లేదు, పదో నంబరుకి కొంచెం చూడు’ అనుకుంటూ నడిచిపోతారు. ఆ ‘కొంచెం’లో ఏముందో రెండో మనిషికి తెలియదు. ఈ అప్పగింతకు ఒక కచ్చితమైన వరస పెట్టి, ఎంత తీవ్రత, ఏం చేయాలి, ఏం జరగొచ్చు అన్నీ చెప్పించి, విన్నవాళ్లతో తిరిగి చెప్పించే పద్ధతిని అమెరికా, కెనడాల్లోని తొమ్మిది ఆసుపత్రుల పిల్లల విభాగాల్లో పెట్టి చూశారు. తప్పులు 23 శాతం, నివారించదగ్గ హాని 30 శాతం తగ్గాయని 2014లో ప్రకటించారు. తర్వాత ఏడు ఆసుపత్రుల్లో రౌండ్ల సమయంలో తల్లిదండ్రులనూ ఈ సంభాషణలో కూర్చోబెట్టారు. హాని చేసే తప్పులు 38 శాతం పడిపోయాయి. కొత్త యంత్రం కొనలేదు, కొత్త మందు రాలేదు.

యంత్రాల, స్కోర్ల మీద మరీ ఆశ పెట్టుకోవద్దని చెప్పే అధ్యయనం కూడా ఉంది. నాడి, శ్వాస వంటివి చూసి పిల్లలకు మార్కులు వేసే హెచ్చరిక పట్టికను ఏడు దేశాల్లోని 21 ఆసుపత్రుల్లో పరీక్షిస్తే, మొత్తం మరణాలు తగ్గలేదని 2018లో తేలింది. పట్టిక దండగని కాదు. మార్కులు వేసిన కాగితాన్ని చూసి కదిలే మనిషి లేకపోతే అది కాగితమే.

మన డాక్టర్ల వైపు నుంచీ ఒక బాధ ఉంది, అదీ చెప్పాలి. పిల్ల చనిపోతే బంధువులు అద్దాలు పగలగొడతారు, పీజీ డాక్టర్ల మీద చేయి చేసుకుంటారు. ఇది క్షమించరానిది. కానీ గొడవకు దిగిన చాలామంది నోటి వెంట వచ్చే మొదటి మాట గమనించండి. ‘రాత్రి నుంచీ చెబుతూనే ఉన్నాం, ఎవరూ రాలేదు.’ వినే దారి ఒకటి ముందే ఉంటే, ఆ కోపంలో సగం పుట్టదు.

2021 సెప్టెంబర్ 17న, ప్రపంచ రోగి భద్రతా దినం నాడు, ప్రభుత్వాసుపత్రుల్లో పిల్లల సేవల నాణ్యత కోసం కేంద్రం ‘ముస్కాన్’ కార్యక్రమం మొదలుపెట్టింది. 2025లో అదే దినానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంచుకున్న అంశం నవజాత శిశువుల, పిల్లల భద్రతే. కాగితాల మీద కొరత లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు ఒక్కటే విన్నపం. హైదరాబాద్ నిలోఫర్‌తోనూ, ఆంధ్రలో ఒక బోధనాసుపత్రితోనూ మొదలుపెట్టండి. పిల్లల వార్డులో ప్రతి మంచం దగ్గరా, చదువురానివాళ్లకు కూడా తెలిసేలా బొమ్మతో సహా ఒక ఫోన్ నంబరు రాయండి. ఆ ఫోన్ ఎత్తే డాక్టరు చికిత్స చేస్తున్న యూనిట్‌కు సంబంధం లేనివారై ఉండాలి, అరగంటలో వచ్చి చూడాలి. ఫోన్ చేసిన తల్లిని ఎవరూ కసురుకోకూడదని జీవోలోనే రాయండి. నర్సుల ఖాళీలు నింపకుండా ఇదంతా నర్సుల నెత్తిన వేయకండి.

పాఠకులకు రెండు మాటలు. మీ పిల్లను చేర్చగానే బరువు తూయించి, కేస్ షీట్‌లో ఆ అంకె రాశారో లేదో చూడండి. ప్రతి ఇంజక్షన్‌కూ ముందు ‘ఏం మందు, ఎంత, ఎందుకు’ అని అడగండి. మందు వికటించిందనిపిస్తే డాక్టరుకు చెప్పడంతో పాటు 1800-180-3024కు ఫోన్ చేయండి. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసుకునే జాతీయ నంబరు ఇది, ఖర్చు లేదు. పిల్ల తేడాగా ఉందనిపిస్తే మొహమాటపడకండి. సిస్టర్ వినకపోతే డ్యూటీ డాక్టరుకు, ఆయనా వినకపోతే సూపరింటెండెంట్‌కు చెప్పండి.